మా కొట్లో అన్నిటికన్నా ఖరీదైన పంగలకర్ర

మా తమ్ముడి కుడికన్ను నాసిరకం రబ్బరు వల్ల పోయిందని మా వాళ్ళంతా చెబుతారు. నది అవతల తన్లిన్‌లో మరదలి పుట్టింటివాళ్ళు చెబుతారు. ఇవతల పబేడాన్‌లో మా వీధి కొట్లవాళ్ళు చెబుతారు. గుడిలో ప్రసాదం కోసం నిలబడ్డ వరసలో కూడా చెబుతారు, వెనకాల నేనున్నానని తెలిసీ. "ఆ అప్పకి లాభమ్మీద యావ. సొంత తమ్ముడికే పనికిమాలిన సరుకు అంటగట్టీసినాది" అని. కథ పొట్టిగా ఉంది, చెప్పడానికి సులువుగా ఉంది, చివర్న తిట్టుకోవడానికి ఒక ఆడమనిషి కూడా ఉంది. అందుకే అది అంత బాగా చెల్లుబాటయింది.

అది అబద్ధం. ఆ రోజు వాడి చేతిలో తెగిన రబ్బరు మా కొట్లోకెల్లా ఖరీదైనది.

ఈ మాట అనగానే రెండో గుంపు లేస్తుంది. వీళ్ళు కాస్త చదువుకున్నవాళ్ళు. "మేమూ అదే అంటున్నామమ్మా. ఖరీదైనదీ చవకదీ ఒక్క ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. డబ్బా మారుతుంది, ధర మారుతుంది, లోపల సరుకు అదే" అని తలకాయలు ఊపుతారు. అదీ అబద్ధమే. మొదటి గుంపుకి నా మీద కోపం ఉంది, పోనీ అనుకోవచ్చు. వీళ్ళకి తెలివైనవాళ్ళమనిపించుకోవాలన్న సరదా తప్ప ఇంకేమీ లేదు.

ముందు మా కొట్టు ఎలాంటిదో చెప్పాలి. వేట సామాను కొట్టు. వేట అనగానే పులుల్నీ తుపాకుల్నీ ఊహించుకోకండి. తుపాకి అన్న మాట ఈ ఊళ్ళో ఈ రోజుల్లో నవ్వులాటకి కూడా ఎత్తకూడదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు పీతలు పట్టేవాళ్ళు, కాలవల్లో చేపలు కొట్టేవాళ్ళు, వరిపొలాల్లో ఎలకల వెంట పడేవాళ్ళు, ఆదివారం పూట హఠాత్తుగా మగతనం గుర్తుకొచ్చి బయల్దేరే గుమాస్తాలు. గేలాలు, వలలు, గంబూట్లు, తలకి కట్టుకునే లైట్లు, కత్తులు, టార్పాలిన్లు, పంగలకర్రలు అమ్ముతాం. కొట్టు మా అత్తవారిది. తాతల నాడు సముద్రం దాటి ఈ దేశం వచ్చి ఓడలకి తాళ్ళూ పగ్గాలూ అమ్మిన కుటుంబం. నా భర్త పోయాక గల్లాపెట్టె తాళంచెవి నా కొంగుకి వచ్చింది. నేను ఈ ఊళ్ళోనే కాలేజీలో చరిత్ర చదివాను. చరిత్ర చదివినదానికి గేలాల గురించి ఏం తెలుసని మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళ కొట్లు ఇప్పుడు లేవు.

ఇన్నేళ్ళలో గల్లాకి అవతల నిలబడి జనం నన్ను ఎక్కువగా అడిగింది ఒక్కటే: ఎక్కువ పెడితే మంచిది వస్తుందా?

"ఆంటీ, ఈ లైటుకి ఇంతా? దీన్ని చూసి చేప దానంతటదే బుట్టలోకి దూకుతుందా?" అని ఒక కుర్రవాడు బర్మీస్‌లో ఎగతాళి చేస్తాడు.

"దూకదు నాయనా. చవకది కొంటే దారి కనపడక నువ్వే కాలవలోకి దూకుతావు" అంటాను. నవ్వి కొంటాడు.

కాని నిజం చెప్పాలంటే, ఆ లైటు ధరలో చాలాభాగం దాని డబ్బాకీ, ఎవరూ ఎప్పుడూ నొక్కని మీటలకీ పోతుంది. లైట్ల విషయంలో రెండో గుంపు వాదన కొంత చెల్లుతుంది, ఒప్పుకుంటాను. సరిహద్దు దారి మూసుకున్నప్పుడల్లా, మా డబ్బు విలువ జారినప్పుడల్లా అదే లైటు అదే అరలో కూర్చుని ఖరీదెక్కుతుంది. దాని వెలుగు మాత్రం ఒక్క పిసరు పెరగదు. గేలాల సంగతి వేరు. ఖరీదైన గేలం మొన పోదు, పెద్ద చేప గుంజినా వంగదు. వంగదు కాబట్టే రాళ్ళ సందులో ఇరుక్కుని పక్కకి లాగితే పుటుక్కున విరుగుతుంది. చవకది వంగుతుంది, పట్టకారుతో సరిచేసుకుని మళ్ళీ వేసుకుంటారు. మంచి ఉక్కు కత్తిని తడి తుడవకుండా పెడితే తెల్లారేసరికి తుప్పు. తళతళలాడే చవక కత్తికి తుప్పు రాదు, దానితో పెద్దగా ఏమీ తెగదు కూడా. వీటిల్లో దేన్ని మంచిదనాలి? కొన్న మనిషి దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఎలా చూసుకుంటాడో తెలియకుండా ఎలా చెప్పను? ఇదంతా గల్లా దగ్గర నిలబడి చెబితే మాత్రం ఏ కొట్టూ నడవదు. అందుకని "ఎక్కువ పెట్టు, మంచిది తీసుకో" అంటాను. చాలాసార్లు అది నిజం కూడా.

తమ్ముడు ఇలాంటి మాటలు వినే రకం కాదు. తన్లిన్‌లో ఫ్యాక్టరీ పని వాడిది. భార్య, అమ్మ, వాడు ఒకే ఇంట్లో ఉంటారు. సెలవు దొరికితే ఊరి చివర కాలవ గట్టున కొరమీను కోసం నిలబడతాడు. కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది. ఆ ఒక్క క్షణంలో పంగలకర్రతో సన్నటి ఉక్కు బాణం వదలాలి. బాణానికి దారం కట్టి ఉంటుంది, గుచ్చుకుంటే లాక్కోవడమే. ఈ ఊళ్ళో పంగలకర్ర చిన్నపిల్లల ఆటవస్తువు కాదు. పెద్దవాళ్ళు దాన్ని పట్టుకుని బస్సులెక్కి వెళతారు.

వాడు వాడేది మాత్రం నాన్న చేసినది. నాన్న బోటాటౌంగ్ రేవులో మూటలు మోసినవాడు. జామకొమ్మ పంగకి పాత సైకిల్ ట్యూబు కోసి కట్టాడు. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"వేట సామాను కొట్టున్నదాని తమ్ముడివి. నలుగురూ సూస్తే ఏటనుకుంటారు?" అనేదాన్ని.

"నాన్న సేసింది అప్పా. ఇన్నేళ్ళయినాది, తెగిందేటి ఎప్పుడైనా?"

"తెగదురా, అది రబ్బరైతే కదా. టైరు. దాంతో కొడితే కొరమీను సావదు. పక్కకి జరిగి నీకేసి సూసి నవ్వుద్ది."

"నవ్వనీ. నవ్వినప్పుడు నోరు తెరుస్తాది కదా, అప్పుడు కొడతాను."

వాడితో గెలవడం కష్టం. మా ఇంట్లో నాతో మాటకి మాట నిలబడేవాడు వాడొక్కడే.

కిందటేడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో వాడంతట వాడే కొట్టుకొచ్చాడు. పెద్ద కొరమీను ఒకటి రోజూ అదే చోట పైకి వస్తోందట. జామకొమ్మ పంగతో వదిలిన బాణం అక్కడికి చేరేసరికి అది మునిగిపోతోందట. కరెంటు లేదు. వీధంతా జనరేటర్ల మోత. అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. అద్దాల బీరువాలోంచి స్టీలు పంగ తీసి వాడి చేతిలో పెట్టాను. దానికి పల్చటి రబ్బరు పట్టీలు. చెట్టు పాలనుంచి తీసిన అసలు రబ్బరు, ఇంకేదీ కలపనిది. వాడు చెవి దాకా లాగి చూశాడు.

"మీగడలాగ ఉన్నాదే" అన్నాడు.

"మెత్తగా సాగుద్ది. వదిలితే మెరుపులాగ ఎనక్కెల్తాది. నీ టైరుకి ఆ ఊపు ఎక్కడినుంచి ఒస్తాది?"

"మరీ పల్సగా ఉన్నాదప్పా. తెగదు కదా?"

"ఇంత కరీదుది తెగుద్దేటి? నా మాట మీద నమ్మకం ఉన్నాదా నేదా?"

"నువ్వు సెప్తే నమ్మకేటి" అన్నాడు.

ఊరికే తీసుకెళ్ళమంటే ఒప్పుకోలేదు. "తమ్ముడు తేరగా పట్టుకుపోనాడని మీ అత్తోరి వైపు అనుకోడం నాకెందుకు?" అని కొనుక్కున్నాడు. కొన్నాడు కాని ఇంటికి తీసుకెళ్ళలేదు. దసరా దగ్గర్లో ఉంది. కొత్త పనిముట్టుని ఆయుధపూజలో పెట్టకుండా వాడటం మా ఇంట్లో లేదు.

ఆ పూజ మా పుట్టింటి రేవు మనుషుల పూజ. నాన్నకి మూటలు గుచ్చి లాగే ఇనప కొక్కెం ఉండేది. నదిమీది ఉప్పుగాలికి ఇనుము నిలవదు. అందుకని రేవులో పనిచేసే మావాళ్ళు నవమి నాడు కొక్కేల్నీ గొలుసుల్నీ కడిగి ఆరబెట్టి, నువ్వుల నూనెలో పసుపు కలిపి పట్టించేవారు. పూజా అదే, మరమ్మతూ అదే. నాన్న పోయి కొక్కెం మిగిలాక ఆ పని అమ్మ తీసుకుంది. నాకు పెళ్ళయి కొట్టులోకి వచ్చాక పూజ కూడా కొట్టులోకి వచ్చింది. నవమి పొద్దున అమ్మ సంచిలో నూనె సీసా పెట్టుకుని, బస్సులో వంతెన దాటి వస్తుంది. పీట మీద మధ్యలో నాన్న కొక్కెం. చుట్టూ తరాజు, కత్తెర, తాళంకప్ప, నా కాల్‌క్యులేటరు, అమ్మకానికున్న సరుకులో రకానికొకటి, డబ్బాలో వచ్చినదైతే డబ్బాతోనే. తమ్ముడి పంగలకర్ర ఎప్పుడూ ఉండేదే. అన్నిటికీ నూనె. ఇనుముకీ కొయ్యకీ రబ్బరుకీ తేడా లేదు. ఒకసారి కాల్‌క్యులేటరు మీటలకి కూడా రాసింది. వారం రోజులపాటు ఏడు నొక్కితే ఎనిమిది కూడా దిగబడేది. నాన్న కట్టిన సైకిల్ ట్యూబు రబ్బరు ఏళ్ళ తరబడి ఆ నూనె తాగింది. దానికి ఏమీ కాలేదు.

అమ్మ స్టీలు పంగ చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో తిప్పి చూసింది.

"ఇదేటే, ఎలగ మెరుస్తన్నాదో! ఎవుల్ది?"

"తమ్ముడు కొనుక్కున్నాడమ్మా. మన కొట్లో ఇదే అన్నిటికన్నా కరీదు."

"అలగేటి! అయితే దీనికి కాసింత ఎక్కువే రాయాల" అంది. రబ్బరు పట్టీల మడతలు విప్పి, వేలితో నూనె లోపలికంటా పట్టించింది. చంటిపిల్లాడి ముడతల్లో రాసినట్టు రాసింది. ముడివేసిన చోట పసుపు ముద్దగా పెట్టింది. "నా కొడుకు సేతికి బలం రావాల తల్లీ" అని అమ్మవారి పటం ముందు ఆనించింది.

నేను పక్కనే పులిహోర కలుపుతున్నాను. చూస్తూనే ఉన్నాను. అభ్యంతరం చెప్పాలని ఎవరికి తోస్తుంది? ఎప్పుడూ చేసే పనే కదా.

తమ్ముడికి ఆ నెలలో ఓవర్‌టైం పడింది. దశమి దాటి చాలా రోజులైనా రాలేకపోయాడు. అన్ని రోజులూ ఆ పంగ పటం ముందే, ఆ ఉక్కపోతలో, ఆ నూనెతోనే ఉంది. నేను సరుకు చూడటానికి గోడౌనుకి వెళ్ళిన పూట వచ్చి పట్టుకెళ్ళాడు.

సెలవు రోజు మధ్యాహ్నం మరదలు ఫోను చేసింది. "ఒదినా, ఆయన కన్ను... రబ్బరు తెగిపోయి కంటికి తగిలీసినాది... రగతం ఆగట్నేదు" అంది. ఆ తరవాత ఏడుపు. పెద్ద కొరమీను పైకి వచ్చిందట. చెవి దాకా లాగాడట. వదిలే లోపలే పంగ దగ్గర పట్టీ తెగి, మొత్తం ఊపుతో వెనక్కి వచ్చి కంట్లో కొట్టింది.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ మెల్లగా, మర్యాదగా చెప్పింది. కనుగుడ్డు ఉంటుంది. వెలుగూ నీడా తెలుస్తాయి. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. అమ్మ బల్ల మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు సగం మొహం కట్టుతో పడుకుని ఉన్నాడు. మరదలు నా వైపు తిరిగింది. అంతవరకు నా ముందు గొంతెత్తని పిల్ల.

"అంత పెద్ద కొట్టెట్టుకుని, ఆయనకి అమ్మడానికి తెగిపోయే రబ్బరే దొరికినాదేటి ఒదినా?"

"అది మా కొట్లోకెల్లా కరీదైందమ్మా" అన్నాను.

"కరీదైంది! కన్ను కన్నా కరీదైందేటి?"

వరండాలో ఉన్న తెలుగువాళ్ళందరూ మా వైపు తిరిగారు. మొదటి కథ అక్కడే పుట్టిందనుకుంటాను. సాయంత్రానికి వంతెన దాటింది.

వారం తిరిగేసరికి వీధిలో నా పేరు మారిపోయింది. బేరానికి వచ్చినవాళ్ళు స్టీలు పంగని వేలితో చూపించి "కన్ను తీసింది ఇదేనా?" అని అడిగేవారు, ఏదో సంతలో వింత జంతువుని చూసినట్టు. ఎదురు కొట్టాయన ఓదార్చడానికి వచ్చి రెండో గుంపు వాదన వినిపించాడు. "అన్నీ ఒకటేనమ్మా, మనం మాత్రం ఏం చేస్తాం, డబ్బా చూసి ధర వేస్తాం" అని. నాకు ఓదార్పు కన్నా జవాబు కావాలి. అదే సరుకులో మిగిలిన డబ్బాలన్నీ విప్పాను. ఒక్కో పట్టీని కొట్టు గుమ్మానికి మేకు కొట్టి తగిలించి, రోజంతా చెయ్యి నొప్పెట్టేదాకా లాగాను. ఒక్కటీ తెగలేదు. ఒక్కటి కూడా. అలాంటప్పుడు వాడిది ఎందుకు తెగింది?

మరదలే తెచ్చిచ్చింది జవాబు, జవాబని తెలియకుండా. ఒకరోజు ఆసుపత్రి నుంచి తిరిగి వెళుతూ కొట్లోకి వచ్చి, ఒక ప్లాస్టిక్ సంచి గల్లా మీద పడేసింది. "మీ కరీదైన సరుకు మీరే ఉంచుకోండి" అని వెళ్ళిపోయింది. లోపల స్టీలు పంగ, తెగిన పట్టీలు. సంచి విప్పగానే నువ్వుల నూనె వాసన. పట్టీ చేత్తో పట్టుకుంటే వేలికి అంటుకుంది. ఉబ్బి, వెడల్పు పెరిగి, తడిసిన అప్పడంలా మెత్తబడిపోయి ఉంది. తెగిన చోట, ముడి మడతలో, పసుపు.

పూజ నాటి అమ్మ వేలు గుర్తొచ్చింది. అయినా నాకు ఊహలు సరిపోవు. కొత్త డబ్బాలోంచి ఒక పట్టీ తీసి నువ్వుల నూనె పట్టించి, కాగితంలో చుట్టి బీరువా మీద పెట్టాను. పక్కన సైకిల్ ట్యూబు ముక్కకీ అదే నూనె రాసి పెట్టాను. కొన్నాళ్ళయ్యాక తీస్తే ఖరీదైనది ఉబ్బి, జిగురెక్కి, కాస్త గట్టిగా లాగితే చేతిలో చీలిపోయింది. ట్యూబు ముక్క మాత్రం నూనె తుడిస్తే ఎప్పటిలాగే నల్లగా, మొరటుగా, క్షేమంగా ఉంది. అసలు రబ్బరుకి నూనె విషం. మా నాన్న మోటు ట్యూబుకి అది లెక్కే లేదు. ఇన్నేళ్ళూ మా పూజ ఎవరికీ హాని చెయ్యకపోవడానికి కారణం మేం చవక సరుకుని పూజించడమే.

రెండు గుంపులకీ ఇదీ నా జవాబు. ఎక్కువ పెడితే మంచిది వచ్చింది, నిజంగానే వచ్చింది. ఆ మంచిదానికి మా ఇంటి చెయ్యే సరిపడలేదు. దానికి ఎక్కువ నూనె దక్కింది కూడా అది ఖరీదైనదని నేను చెప్పినందుకే. ఇంత స్పష్టమైన వాదన నా జీవితంలో ఇంకొకటి దొరకలేదు. రుజువు బీరువా మీద కాగితంలో ఉంది. కాని ఎవరికి చెప్పను?

ఎందుకంటే అమ్మ దగ్గర మూడో కథ ఉంది.

కట్టు విప్పాక తమ్ముణ్ణి చూడటానికి తన్లిన్ వెళ్ళాను. వాకిట్లో పక్కింటి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అమ్మ వాళ్ళకి చెబుతోంది. "నాను నూనె రాసి, పసుపెట్టి, అన్ని రోజులు అమ్మోరి కాడ ఉంచినాను కాబట్టి ఒక్క కంటితో పోయినాది. నేకపోతే రెండు కళ్ళూ పోను. పేనమే పోను. ఆ తల్లి అడ్డం పడినాది" అంటోంది. అంటూ నన్ను చూసి, "రాయే, నీ కొట్టు రబ్బరు ఎలగున్నా, నా పూజ తప్పనేదు" అంది. అందులో నింద లేదు. నన్ను కూడా క్షమించేసిన గొంతు అది. పక్కింటావిడ నా వైపు జాలిగా చూసింది.

ఏ విషయం మీదైనా ఎవరితోనైనా వాదించే నేను చెప్పులు విప్పుకుని, నోరు మూసుకుని, లోపలికి వెళ్ళాను. చెబితే నా కొట్టు పేరు నిలబడుతుంది, మరదలు మళ్ళీ నాతో మామూలుగా మాట్లాడుతుంది. అమ్మ మాత్రం ఆ రోజు నుంచి కొడుకు కంటిని ఎలా చూస్తుంది? ఆవిడ రోజూ అన్నం వడ్డించేది ఆ కంటి ఎదురుగానే.

తమ్ముడు మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. దగ్గరకి వెళ్ళి గొంతు తగ్గించాను.

"రబ్బరు తప్పు కాదురా" అన్నాను.

"ఒగ్గీ అప్పా."

"ఒగ్గీడం కాదు. ఎందుకు తెగినాదో నాకు తెలిసినాది. ఆ రోజు—"

"ఒగ్గీమన్నాను కదా" అన్నాడు. గట్టిగా అనలేదు. బాగున్న కంటితో వాకిలి వైపు చూశాడు. అమ్మ గొంతు వినిపిస్తోంది అక్కడినుంచి. మళ్ళీ నా వైపు తిరిగి, నవ్వడానికి ప్రయత్నించాడు. "ఆ కొరమీను ఇప్పుడు నిజంగానే నవ్వుతుంటాది."

నాతో మాటకి మాట నిలబడేవాడు మాట అక్కడే తుంచేశాడు. వాడికి తెలుసా, తెలియదా? కంటి గురించిన దిగులుతో విసుక్కున్నాడా, లేక నేను చెప్పబోయేది ముందే తెలిసి నా నోరు నొక్కాడా? తిరుగు బస్సులో వంతెన మీద అంతా ఇదే ఆలోచన.

అప్పటినుంచీ ఆ పట్టీలు కొన్న ప్రతివాడికీ "నూనె తగలనివ్వకు, నూనె చేత్తో కూడా ముట్టుకోకు" అని చెప్పి పంపుతున్నాను. "ఎందుకు ఆంటీ?" అంటే "సరుకు గుణం అంతే" అంటాను. ఖరీదైనది అమ్మడం మానెయ్యమని మా అత్తవారి వైపు సలహా ఇచ్చారు. మానను. అది మంచి సరుకు. మంచి సరుకుని దొంగసరుకులా దాచడానికి నాకు మనసొప్పదు.

ఈ ఏడు దసరా వచ్చింది. అమ్మ రావడం మానేస్తుందేమో అనుకున్నాను, మానేస్తే బాగుండుననీ అనుకున్నాను. కాని నవమి పొద్దున అందరికన్నా ముందు వచ్చింది తమ్ముడు. కొట్టు తలుపులు సగమే తీశాను అప్పటికి. వాడు గుమ్మం తట్టుకోకుండా ఒక చెయ్యి ముందుకు చాపి, కొలుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఒక కంటితో దూరం తెలియదు వాడికి ఇప్పుడు. నేరుగా పీట దగ్గరికి వెళ్ళి, అమ్మకి అనుమానం రాకూడదని ముందురోజు నేను ఎప్పటిలాగే సర్ది పెట్టినవన్నీ చూశాడు. గంబూటు తీశాడు. రబ్బరు పట్టీల డబ్బా తీశాడు. రబ్బరు చేతితొడుగులు తీశాడు. కాల్‌క్యులేటరు కూడా తీశాడు. అన్నీ పట్టుకెళ్ళి పై అరలో, టార్పాలిన్ వెనకాల పెట్టాడు. పీట మీద ఇనుమూ కొయ్యా మాత్రమే మిగిలాయి. తరవాత సంచిలోంచి నాన్న జామకొమ్మ పంగ తీసి, ఆ నల్ల ట్యూబు రబ్బరుతో సహా, కొక్కెం పక్కన పెట్టాడు.

నేను గల్లా దగ్గర నిలబడే ఉన్నాను. అడగాల్సింది అప్పుడే. గుమ్మంలో అమ్మ చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఏవిరా, రబ్బరు సామాన్లు పెట్నేదేటి?" అంది అమ్మ, నూనె సీసా మూత తీస్తూ.

"అమ్ముడైపోయినాయమ్మా" అన్నాడు వాడు.

"మంచిదే" అంది అమ్మ సంతోషంగా, నా వైపు చూసి. "సూసినావేటే, మళ్ళీ బేరాలు ఒస్తన్నాయి." జామకొమ్మ పంగ చేతిలోకి తీసుకుని, ముడుల మడతల్లోకి నూనె పట్టించడం మొదలుపెట్టింది. తమ్ముడు ఆవిడ వేళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను వాడి వైపు చూస్తూ నిలబడ్డాను. వాడు నా వైపు తిరగలేదు. నేనున్నది వాడికి కన్ను లేని వైపు.

కాబట్టి వాడికి తెలుసు. ఎప్పటినుంచి తెలుసన్నదే నాకు తెలియదు. తెగాక ఆలోచించి తెలుసుకున్నాడనుకుంటే నాకు రాత్రి నిద్ర పడుతుంది. కాని నేను ఆ పట్టీని ముట్టుకున్నాను కదా. అది వేళ్ళకి అంటుకుంటుంది. వాసన వస్తుంది. ఫ్యాక్టరీలో మెషీన్ల మధ్య బతికినవాడికి, వస్తువు చెడిందో లేదో చేత్తో చూసి చెప్పగలవాడికి, కాలవ గట్టున దాన్ని పట్టుకున్నప్పుడు ఆ జిగురు తెలియకుండా ఉంటుందా? తెలిసీ లాగితే ఎందుకు లాగాడు?

ఒరే తమ్ముడూ, కొరమీను పైకొచ్చి, నువ్వు ఆ రబ్బరుని చెవి దాకా లాగినప్పుడు, నీ వేళ్ళు ఆగమన్నా ఆగకపోవడానికి కారణం అమ్మ రాసిన నూనె మీద భక్తా, నేను చెప్పిన ఖరీదు మీద నమ్మకమా?